గ్రాము నలభై ఉన్నప్పటి బేరం

2020 మార్చి 20, శుక్రవారం. కరీంనగర్‌లో కలెక్టరేట్ చుట్టుపక్కల వాడలకు బ్యారికేడ్లు పడి రెండు రోజులైంది. ఇండోనేసియా నుంచి వచ్చిన మతబోధకుల బృందంలో కొవిడ్ బయటపడడంతో ముకరంపుర పేరు ఒక్కసారిగా టీవీలకెక్కింది. వైద్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి జ్వరాలు అడుగుతున్నారు. ఆ సాయంత్రం, ఫిలిగ్రీ అనే వెండి తీగపని చేసే ఓ ఇంట్లో ఫోన్ మోగింది. పదివేల రూపాయలు ఖాతాలో పడ్డాయి.

"నాయినా, పైసలచ్చినయ్" అన్నాడు కొడుకు.

"ఎవరేసిన్రు?"

"హైదరాబాద్ మేడం. ఆ డబ్బా అడిగినామె."

"మనల్ని సూడనే సూడలే. ఎట్ల ఏసిందిరా?"

ఈ గాథంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ముందుగా ఒక మాట. ఇందులో కనిపించే మనుషులకు పేర్లు లేవు. చేతివృత్తులవాళ్లకూ, ఫోన్‌లో చూసి కొనేవాళ్లకూ మధ్య నడిచే బేరాలను ఒక్క బేరంగా కూర్చి రాసిన కథ ఇది. సంభాషణలు కల్పించినవి. ఊళ్లు, తేదీలు, వెండి ధరలు, ఆ రోజుల్లో ఊరు పడ్డ పాట్లు మాత్రం ఉన్నవున్నట్టే.

ఆ పదివేలకు ముందు వారం రోజుల మాటలు నడిచాయి. డిగ్రీ చదివే కొడుకు తండ్రి చేసిన పాన్‌దాన్ ఒకటి ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. ఎగ్జిబిషన్లు వరసగా రద్దవుతున్నాయి. చేసిన సరుకు బీరువాలో ఉంది. ఫోటో కింద ఎవరో "ధర?" అని అడిగితే "ఇన్‌బాక్స్‌లో చెప్తాం" అని రాశాడు. ఈ అలవాటు మన చేతివృత్తులవాళ్లకు ఎవరు నేర్పారో గానీ, దీనివల్ల పోయిన గిరాకీకి లెక్కలేదు. ధర దాచాడంటే మనిషిని బట్టి చెప్తాడన్నమాటే అనుకుని సగం మంది వెనక్కి పోతారు.

హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే ఆమె మాత్రం పోలేదు. పుట్టిల్లు జగిత్యాల. మే నెలలో మేనకోడలి పెళ్లి. మేనత్తగా ఏదో ఒకటి పెట్టాలి, షోరూంలో కొన్నది కాకూడదు. ఆమె నేరుగా అడిగింది.

"వెండి ఎన్ని గ్రాములు? మజూరి ఎంత? రెండూ విడివిడిగా చెప్పండి."

కొడుకు ఫోన్ తీసుకుపోయి తండ్రికి చూపించాడు. ఆయనకు ఆ ప్రశ్న నచ్చింది. వెండి వేరు, మజూరి వేరు అని తెలిసిన మనిషి వస్తువు విలువ తెలిసిన మనిషే. త్రాసు మీద డబ్బా పెట్టి వీడియో తీయమన్నాడు. త్రాసు మీది అంకెతో పాటు తన చెయ్యి పక్కన లేనట్టు కూడా కనిపించాలని పట్టుబట్టాడు. ఆ వీడియో వెళ్లింది.

"కటక్‌ది కాదు కదా?" ఆమె రెండో ప్రశ్న.

ఈసారి ఆయన నొచ్చుకున్నాడు. ఒడిశాలోని కటక్‌లోనూ తరతరాలుగా వెండి తీగపని ఉంది. రెండిటినీ ఫోటోలో పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకు తేడా తెలియదు. కరీంనగర్ ఫిలిగ్రీకి భౌగోళిక గుర్తింపు 2007లోనే వచ్చింది, కటక్ తారకసికి 2024లో వచ్చింది. కానీ గుర్తింపు కాగితం ఫోటోలో మెరవదు. ఆయన జవాబు మాటల్లో ఇవ్వలేదు. మర్నాడు పొద్దున కూర్చుని, కమ్మచ్చు బెజ్జంలోంచి వెండితీగ లాగడం, రెండు సన్నతీగలు మెలేయడం, ఆ మెలికను సాగగొట్టి చదును చేయడం, చిమటాతో చుట్టలు చుట్టి చట్రంలో ఇమడ్చడం, వెలిగారం చల్లి ఊదుగొట్టంతో మంట పట్టడం, అన్నీ వీడియో తీయించి పంపాడు. చివర్లో కుంకుడు నురగలో కడిగిన ఆకు ముక్క తెల్లగా బయటికొచ్చింది.

ఆమె దాన్ని మధ్యాహ్నం భోజనం దగ్గర తోటి ఉద్యోగినులకు చూపించింది. బేరం అక్కడే తెగింది, ధర దగ్గర కాదు.

తూకం 250 గ్రాములు. మార్చి మొదట్లో కిలో 46 వేల పైచిలుకు ఉన్న వెండి, ప్రపంచ మార్కెట్లన్నీ కూలుతున్న ఆ మూడో వారంలో 40 వేల కిందికి దిగింది. గ్రాము నలభై కట్టుకుందామన్నారు. వెండి పైసలు ముందు, మజూరి సరుకు చేతికందాక. అలా పదివేలు.

ఒక మార్పు మాత్రం కోరింది. "మా ఇంట్లో పాన్ ఎవరూ తినరు. లోపల నగల గూళ్లు కావాలి. మూత మీద నెమలి వద్దు, బతుకమ్మ కావాలి."

"బతుకమ్మనా?" అన్నాడాయన. నెమళ్లు, తీగెలు, చార్మినార్, కాకతీయ తోరణం, ఇవన్నీ ఆయన చేతికి అలవాటైన పనులు. అధికారులకు ఇచ్చే జ్ఞాపికలన్నీ దాదాపు అవే. బతుకమ్మ వరసలు వరసలుగా పైకి పోవాలి, అడుగు వెడల్పుగా, కొస సన్నంగా. తీగతో ఆ గోపురం నిలబడుతుందా?

"సూద్దాం" అని పంపాడు.

కొనేవాళ్లు ఎటు పోతే పని అటు పోవడం ఈ కళకు కొత్త కాదు. మానేరు పక్కన, కరీంనగర్‌కు పది కిలోమీటర్ల దూరంలో ఎల్గందుల కోట ఉంది. వెండి తీగపని మొదట అక్కడే పుట్టిందని ఈ వృత్తివాళ్లు చెప్పుకుంటారు. ఎల్గందుల నిజాం కాలంలో జిల్లా కేంద్రం. నవాబులు, అధికార్లు, జాగీర్దార్లు అక్కడుండేవారు. అత్తరుదానులు, గులాబుదానులు, పాన్‌దాన్లు వాళ్ల ఇళ్లకే. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది. కచేరీలు కదిలాయి, ఉత్త కోట మిగిలింది. కొలుముల మంట కూడా కరీంనగర్ చేరింది.

ఇంకొంచెం పక్కకు, చేర్యాల నకాషీల దగ్గరికి పోతే ఈ సంగతి మరీ స్పష్టంగా ఉంటుంది. వాళ్లు వేసే పటం గోడకు తగిలించుకోవడానికి పుట్టలేదు. ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవాళ్లు, పద్మశాలీలకు చెప్పే కూనపులివాళ్లు, ఇంకా ఇతర కులాలకు కథ చెప్పే ఆశ్రిత బృందాలు వచ్చి పటం చెప్పి వేయించుకునేవి. ఏ ఘట్టం పెద్దగా ఉండాలో, ఏది ముందు రావాలో కొనేవాడు పక్కన కూర్చుని చెప్పేవాడు. కొత్త పటం వచ్చాక పాతది నీళ్లలో కలిపేవారు, మనిషి పోతే చేసినట్టుగా. ఆ కొనుగోలులో వస్తువు కన్నా వరస ముఖ్యం. ఇవాళ ఇన్‌బాక్స్‌లో "మూత మీద బతుకమ్మ కావాలి" అని రాసే బ్యాంకు ఉద్యోగిని ఆ కథకుడి వారసురాలే, ఆ సంగతి ఆమెకు తెలియకపోయినా.

*

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ రాత్రే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటన. బంగారం, వెండి దుకాణాలన్నీ షట్టర్లు దించాయి. ఆయన చేతిలో పదివేలున్నాయి, కొనడానికి వెండి లేదు.

ఏప్రిల్ గడిచింది. కరీంనగర్‌లో కూరగాయల కోసం బయటికొచ్చినా పోలీసులు ఆపుతున్నారు. ఇంట్లో ఐదుగురు. పెద్దమనిషికి బీపీ గోలీలు, చిన్నదానికి పాలు, కరెంటు బిల్లు. పని లేదు. ఖాతాలో ఉన్నవి మాత్రం ఆ పదివేలే. మొదట ఐదు వందలు తీసుకున్నప్పుడు భార్య అడిగింది.

"గవి ఆ మేడమువి గదా?"

"మళ్ల ఏస్త."

అలా మళ్లీ వేస్తానంటూనే మే మొదటివారానికి అవన్నీ అయిపోయాయి. ఇందులో దగా ఏమీ లేదు. కానీ దుకాణం ఉన్నవాడికి గల్లాపెట్టె వేరు, ఇల్లు వేరు. ఇంట్లోనే పని, ఇంటి ఫోన్‌కే డబ్బు వచ్చే చోట ఆ గీత ఉండదు. ఫోన్‌లో జరిగే చేతివృత్తి వ్యాపారం కష్టాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. ఈ మాట ఏ శిక్షణ శిబిరంలోనూ ఎవరూ చెప్పరు, హ్యాష్‌ట్యాగులు ఎలా పెట్టాలో మాత్రం చెబుతారు.

మేలో జరగాల్సిన పెళ్లి వాయిదా పడింది. ఆమె మెసేజ్ పెట్టింది. "పెళ్లి కార్తీకంలోకి పోయింది. తొందర లేదు. మీరందరూ బాగున్నారా?"

ఆ చివరి ప్రశ్న ఆయన చాలాసేపు చూశాడని కొడుకు చెబుతాడు. ఆయనకు అది ఊరటా, బరువూ రెండూ అయ్యింది.

మే 19 నుంచి జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు తిరిగాయి. దుకాణాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వెండి కిలో 48 వేలు దాటింది. ఆయన కొనలేదు, కొనడానికి లేవు. జూన్ 29 రాత్రి ఇంకో దెబ్బ తగిలింది, కొడుక్కి. కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. తండ్రి ఊదుగొట్టంతో మంట పట్టే వీడియోలు అందులో వేలమంది చూస్తున్నారు. తెల్లారేసరికి ఖాతా తెరుచుకోలేదు. వాళ్లలో ఒక్కరి ఫోన్ నంబరూ వాడి దగ్గర లేదు. జూలై రెండోవారంలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మొదలైతే మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాడు. వాట్సాప్‌లో నంబర్లున్న గిరాకీలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆమె కూడా.

జూలై చివరికి వెండి 65 వేలకు చేరువైంది. ఆగస్టు 7 నాటికి 75 వేలు దాటింది. గ్రాము నలభైకి మాటిచ్చిన 250 గ్రాములకు ఇప్పుడు వెండికే దగ్గర దగ్గర 19 వేలు కావాలి. ఆ వారం కొడుకు ఫోన్‌లో నీలి టిక్కులు ఆపేశాడు.

"ఎందుకురా?"

"మేడం మెసేజ్ జూసినట్టు తెలువద్దని."

తండ్రి ఏమీ అనలేదు. అనాల్సింది.

*

హైదరాబాద్‌లో ఆమె మూడు మెసేజ్‌లు పెట్టింది. ఒకటి మామూలుగా, ఒకటి పని ఫోటో అడుగుతూ, ఒకటి "అంతా క్షేమమేనా" అని. ఆ రోజుల్లో మూడో ప్రశ్నకు వేరే అర్థం ఉంది. కరీంనగర్‌లో కేసులు పెరుగుతున్నాయి. మనిషి ఉన్నాడో లేడో తెలియని భయం కొంత, పదివేలు పోయాయేమోనన్న అనుమానం కొంత. ఇంట్లో వాళ్లు రెండోదాన్నే ఎగదోశారు.

"మొఖం సూడనోనికి పైసలేస్తరా ఎవలన్నా?" అంది వదిన ఫోన్‌లో.

ఆగస్టు రెండోవారంలో ఒక రాత్రి ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ ఖాతా తెరిచింది. పాత పాన్‌దాన్ ఫోటో కిందే ఎవరో కొత్త మనిషి అడిగి ఉన్నారు. "ఇక్కడ కొన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నమ్మవచ్చా?"

ఆ ప్రశ్నకు అప్పటికి జవాబు లేదు. జవాబివ్వగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

టైప్ చేసింది. "నేను మార్చిలో డబ్బు పంపాను. ఇప్పటికీ..." అక్కడ ఆగింది.

దుకాణంలో గొడవపడితే ఆ దుకాణం నాలుగు గోడలు దాటదు. ఈ ఒక్క వాక్యం అలా కాదు. ఆ మనిషి ఎక్కడికి పోయినా అది ఫోటో కింద అలాగే ఉంటుంది. బంగారానికైతే 2021 జూన్ నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేశారు. వెండికి 2025 సెప్టెంబరులో కొత్త ముద్ర పద్ధతి వచ్చింది గానీ అది ఐచ్ఛికంగానే మొదలైంది. జల్లెడలాంటి తీగపని మీద ముద్ర కొట్టడమూ తేలిక కాదు. కాబట్టి ఇక్కడ ముద్ర అంటే ముందు కొన్నవాళ్ల మాటే. ఆ ముద్ర ఆ రాత్రి ఆమె బొటనవేలి కింద ఉంది.

చెరిపేసింది. నంబరు నొక్కింది. రాత్రి తొమ్మిదిన్నర.

ఫోన్ కొడుకు ఎత్తబోతే తండ్రి లాక్కున్నాడు.

"చెప్పు బిడ్డా."

అప్పటిదాకా "మేడం" అన్న మనిషి. ఆమెకు ఏమనాలో తోచలేదు.

"సర్, మీరు బాగున్నారా? మెసేజ్‌లు చూడడం లేదు..."

"సూసిన. సూసి సప్పుడు జెయ్యలే. తప్పు నాది." ఒక్క క్షణం ఆగి అన్నాడు. "నీ పైసలు ఇంట్ల ఖర్సయినయి. వెండి కొనలే. గప్పుడు నలభై, గిప్పుడు డెబ్బయి అయిదు. యాడికెల్లి తేవాల్నో సమజ్ అయితలేదు."

ఇటునుంచి మాట లేదు.

"పైసలు వాపసు జేస్త. నెల నెలకు ఇన్ని. డబ్బా కావాల్నంటే, నీ పదివేలకు గిప్పుడు ఎంతొస్తదో అంత వెండిల చిన్నది జేస్త. నువ్వు ఏదంటె అది."

"రేపు చెప్తాను" అని పెట్టేసింది. కోపం ఉంది. లేదంటే ఈ కథలో ఆమెను దేవతను చేసినట్టవుతుంది. ఆ రాత్రి భర్తతో, "నిజం చెప్పినంత మాత్రాన ఏం లాభం, డబ్బయితే పోయింది" అనింది. మర్నాడు తల్లికి ఫోన్ చేసింది. మొత్తం చెప్పింది. జగిత్యాలలో ఉన్న తల్లి అంతా విని, కూతురు ఊహించని ప్రశ్న వేసింది.

"వెండి లేకనా? గంతేనా?"

"గంతే అంటవేందమ్మా?"

"మీ నాయినమ్మ కడియాలున్నయి గదా. వెండి మనమే ఇస్తే మజూరికి జేస్తడు. ఎన్కట అందరు గట్లనే జేపిచ్చుకుందురు. అవుసలోనికి పైసలు ముందటిచ్చుడు ఎవలు నేర్పిన్రు నీకు?"

*

ఆగస్టు చివర్లో ఒక పొద్దున ఆ తల్లి ముఖానికి కొంగు కట్టుకుని జగిత్యాలలో బస్సెక్కింది. కరీంనగర్ యాభై కిలోమీటర్లు. సంచిలో పాత చీర ముక్కలో చుట్టిన కడియాలు. ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కొడుకు ఆమెను గుర్తుపట్టలేదు. తండ్రి పట్టాడు. ఎలా అంటే, ఫోన్‌లో ఉన్న బిడ్డ ఫోటోలో పోలిక.

"నువ్వేనా మా బిడ్డకు డబ్బా జేసేటోనివి?"

"నేనే, అక్కా. కూసో."

త్రాసులో పెట్టాడు. 34 తులాలు.

"తులమెక్కువ లేదు, తక్కువ లేదు. మా అత్త జెప్పేది గంతే" అందామె.

"అక్కా, ఒక మాట జెప్త. కోపం రావద్దు. గిది ఎన్కటి వెండి. కల్తీ ఉంటది. తీగ సాగాల్నంటే శుద్ధి జెయ్యాలె. తరుగు వోతది."

"ఎంత వోతది?"

"కరగబెడ్తె గని తెల్వది. నీ ముందటనే కరగబెడ్త."

ఊళ్లలో అవుసలి మీద ఉండే మొదటి అనుమానం ఈ తరుగు మీదే. ఎన్ని సామెతలు పుట్టాయో చెప్పక్కర్లేదు. ఫిలిగ్రీకి ఇది ఇంకా ఇరకాటం. కల్తీ ఉన్న వెండి పెళుసు. కమ్మచ్చులో సగం దూరం వచ్చి తెగిపోతుంది. కాబట్టి శుద్ధి తప్పదు, శుద్ధి చేస్తే తూకం తగ్గక తప్పదు. తగ్గిన తూకాన్ని నమ్మించడానికి ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే మార్గం, చూపించడం.

కొడుకు ఫోన్ నిలబెట్టాడు. హైదరాబాద్‌లో ఆమె బ్యాంకులో కౌంటర్ వెనక వీడియో కాల్‌లో ఉంది, చెవిలో తీగ. కడియాలు మూసలోకి పోయాయి.

"గివి ఆమె కాళ్లకు ముప్పయి ఏండ్లున్నయి" అంది తల్లి. "నీళ్లకు పోతాంటే సప్పుడయ్యేది." ఇంకేదో అనబోయి ఆగింది. ఎర్రబడ్డ మూస వైపే చూస్తూ కొంగు సర్దుకుంది.

కరిగిన దాన్ని శుద్ధి చేసేవాళ్ల దగ్గరికి ఆమెను కూడా తీసుకుపోయాడు. సాయంత్రానికి తేలిన లెక్క 26 తులాలకు కొంచెం తక్కువ. ఎనిమిది తులాలు పోయాయి. తల్లి ముఖం మాడింది. ఫోన్‌లో కూతురు, "సరిపోతాయా?" అని మాత్రం అడిగింది.

"సరిపోతయి. నీ పదివేలు మజూరిల పట్టుకుంట. మిగిలింది డబ్బా ఇచ్చినప్పుడు సూసుకుందాం."

ఇన్‌స్టాగ్రామ్‌లో మొదలై, ఫోన్ పేలో డబ్బు కట్టి, నీలి టిక్కుల దగ్గర తెగిపోబోయిన బేరం, చివరికి కొలిమి ముందు కూర్చుని సొంత వెండి ఇచ్చి చేయించుకునే పాత పద్ధతికి వచ్చి నిలబడింది. కొత్త సాధనం వల్ల పాత మర్యాద పోయిందని బాధపడేవాళ్లున్నారు. పోయిందో లేదో గానీ, దాని అవసరం మాత్రం పోలేదు.

బతుకమ్మ మూత తేలిగ్గా లొంగలేదు. మొదటిసారి అడుగు వరస మంటకు కుంగింది. రెండోసారి వరసల మధ్య ఎడం ఎక్కువై ఇడ్లీ పాత్రలా ఉందని మేనకోడలే చెప్పింది. ఆ పిల్ల అప్పటికి ఈ వాట్సాప్ మాటల్లో చేరిపోయింది. "తాతా, తంగేడు పువ్వుకు అయిదు రేకులు" అని చెట్టు మీది పువ్వునే ఫోటో తీసి పంపింది. ఆయన రేకులు మార్చాడు. వరసలకు లోపల సన్న పట్టీ ఒకటి ఆనిచ్చాడు, బయటికి కనబడదు. నిలబడింది.

ఆ ఏడు అధిక ఆశ్వయుజం వచ్చి బతుకమ్మ అక్టోబరు 16న మొదలైంది. సద్దుల బతుకమ్మ లోపు మూత పూర్తయింది, డబ్బా కార్తీకంలో. తల్లి మళ్లీ బస్సెక్కి వచ్చి తీసుకుపోయింది. కొరియర్ మాట ఎవరూ ఎత్తలేదు.

పెళ్లయిన వారానికి ఆమె ఆ పాత ఫోటో దగ్గరికి పోయి, మూడు నెలల కిందటి ప్రశ్న కింద జవాబు రాసింది. "ఆలస్యం అవుతుంది. ఫోన్ చేస్తే నిజం చెప్తారు. పని మాత్రం నేను చూసినవాటిలో ఇదే మంచిది." పక్కన మూత ఫోటో పెట్టింది.

పొగడ్తలు మాత్రమే ఉన్న చోట జనానికి అనుమానం వస్తుంది. "ఆలస్యం అవుతుంది" అన్న మాటే ఆ జవాబుకు బలమైంది. దాన్ని చూసి వచ్చినవాళ్లు పాన్‌దాన్ అడగలేదు. చిన్న బతుకమ్మ కుంకుమ భరిణె అడిగారు. నెమళ్లు చేసే చెయ్యి ఆ చలికాలమంతా తంగేడు రేకులు చుట్టింది.

*

ఇలాంటి కబురు ఒకటి ఉమ్మడి ఆదిలాబాద్ దాకా పోయింది. బ్యాంకులో ఆమె స్నేహితురాలు ఒకామె డోక్రా ఇత్తడి గంటలు కావాలంది, దీపావళికి బంధువులకు ఇవ్వడానికి, అన్నీ ఒకేలాంటివి పన్నెండు. జైనూర్ మండలం ఉషేగావ్‌లో, ఆసిఫాబాద్ దగ్గర కేస్లాగూడలో ఓజుల కుటుంబాలు ఆ పోత పనిచేస్తాయి. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎవరి ద్వారానో నంబరు దొరికింది. సిగ్నల్ ఉన్నప్పుడు మెసేజ్ పోతుంది, లేకపోతే ఒక్క టిక్కుతో ఆగిపోతుంది. అక్కడ జవాబు రాకపోతే మోసం అనుకోనక్కర్లేదు, గుట్ట అవతల ఉన్నాడని అనుకోవాలి. ఈ చిన్న సంగతి తెలియక పోయిన గిరాకీలు కూడా ఉంటాయి.

ఆమె పంపిన ఫోటో చూసి అవతల మనిషి, "ఒక్కతీరుగ రావు" అన్నాడు.

"ఎందుకు రావు? ఫోటోలో ఉన్నది మీరు చేసిందే కదా."

మట్టి ముద్ద మీద తేనెమైనం తీగలతో రూపం అల్లుతారు. దాని మీద మళ్లీ మట్టి. కాల్చితే మైనం కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. ఒక అచ్చుకు ఒక్కటే. ఫోటోలో ఉన్న గంట అచ్చు ఎప్పుడో పెంకులైపోయింది. ఇదంతా ఆయన చెప్పలేదు, అచ్చు పగలగొడుతున్న పది సెకన్ల వీడియో ఒకటి పంపాడు. ఆమె దాన్ని చూసి, "సరే, వేరువేరుగానే పంపండి" అంది. అప్పుడు ఆయన రెండో మాట చెప్పాడు.

"దండారి అయినంక పంపుత."

దీపావళికే కావాలంది ఆమె. దీపావళికే ఆయన చెయ్యి ఖాళీ ఉండదు. దండారి, గుస్సాడీ రోజులవి. గజ్జెలు, గంటలు, దేవర బొమ్మలు ముందు గోండు గూడేలకు పోవాలి. ఈ పోత పుట్టిందే వాళ్ల కోసం. తాతల నాటి గిరాకీ వాకిట్లో నిలబడి ఉండగా హైదరాబాద్ ఫోన్ ఎంత మోగినా వరస మారదు. డబ్బు ఎవరు ఎక్కువిస్తారన్నది అక్కడ లెక్కే కాదు.

స్నేహితురాలు విసుక్కుంది. బంధువులకు మిఠాయి డబ్బాలు ఇచ్చింది. గంటలు సంక్రాంతికి వచ్చాయి. పన్నెండూ పన్నెండు రకాలు. వాటిలో నాలుగు ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకుంది.

*

2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సదస్సుకు వచ్చిన అతిథులకు అశోకచక్రం బ్యాడ్జీలు కరీంనగర్ ఫిలిగ్రీవాళ్ల చేతుల మీదుగానే వెళ్లాయి. పత్రికలన్నీ రాశాయి. కొడుకు ఆ వార్తల కత్తిరింపులు ఖాతాలో పెడితే కొత్త ఫాలోవర్లు బాగానే వచ్చారు. ఆర్డర్లు రావడం మాత్రం పాత నంబర్ల నుంచే. అభిమానించేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరని వాడికి అప్పటికి తెలిసొచ్చింది. ఇప్పుడు కొడుకు పద్ధతి మార్చాడు. ధర ఫోటో కిందే రాస్తాడు. బయానా పడిన రోజే వెండి కొని, తూకం చీటీతో ఫోటో పంపుతాడు. ఇంటి ఖాతా వేరు, పని ఖాతా వేరు. నీలి టిక్కులు మళ్లీ తెరిచాడు.

కానీ 2025 దీపావళినాటికి వెండి కిలో లక్షన్నర దాటింది. పాన్‌దాన్ అడిగేవాళ్లు తగ్గి, లాకెట్లు, తాళాల గుత్తులు అడిగేవాళ్లు పెరిగారు. తెలియని వాళ్ల పెద్ద ఆర్డర్లకు ఆయన వెండి పెట్టడం మానేశాడు. ఆ పండగ రోజుల్లోనే ఆమె బ్యాంకులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. బతుకమ్మ మూత డబ్బా, అదే కొలత.

"సర్, ఇవ్వాళ్టి రేటు లాక్ చేస్తారా? మొత్తం ఇప్పుడే వేస్తాను."

"వద్దు బిడ్డా. నువ్వే కొని తీస్కరా. పాతది ఉంటే ఇంకా మంచిది. మజూరి జెప్త."

"పాత వెండి మా దగ్గర లేదు సర్."

"మీ అమ్మనడుగు."